లౌడ్‌స్పీకర్ థువాన్ నోట్లో తమలపాకు

థువాన్ రెండు గంటలపాటు నోరు మూసుకుని ఉండగలడా? ఆ ఏడు మూడో నెలలో గో థీ ఊరంతా తేల్చుకోలేకపోయిన ప్రశ్న ఇదొక్కటే. నాట్లు, వాన, టీ ఆకు ధర, అన్నీ పక్కకి పోయాయి. చాయ్ కొట్టు దగ్గర పందేలు కూడా మొదలయ్యాయి. ఉండలేడన్న వైపే అందరూ నిలబడేసరికి ఎదురు కాసేవాడు లేక పందెం రద్దయింది. ఆ సంగతి తెలిసి థువాన్ మండిపడ్డాడు. కాసేపటికి మంట తగ్గాక ఆలోచించుకుంటే, తనైనా అటే కాసేవాడనిపించింది.

అతనికి అరవై ఒకటి. టీ ఫ్యాక్టరీలో ఆకు ఆరబెట్టే పొయ్యి దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి దిగాడు. బడిలో చదివింది అయిదో తరగతి. మిగతా చదువంతా పొట్లాల కోసం ఫ్యాక్టరీకొచ్చిన చిత్తు కాగితాల్లోంచి ఏరుకున్నది. అట్టల్లేని చట్టాల పుస్తకాలు, నడిమధ్యలో మొదలై నడిమధ్యలో ఆగిపోయేవి. అందుకే ప్రతి చట్టంలోనూ మధ్య భాగం అతనికి కంఠతా వచ్చు, అది ఎవరికి వర్తిస్తుందో మాత్రం తెలియదు. ఇది శత్రువులన్న మాట కాదు. అతనే ఒప్పుకున్నది.

ఇరవై ఏళ్ళలో రెండు వందల పదమూడు అర్జీలు రాశాడు. ఆ ఏడు దాకా మూడింటికే జవాబొచ్చింది. రెండింటిలో "మీ అర్జీ అందినది" అని ఉంది. మూడోది పొరపాటున అతనికి చేరింది, పక్క ఊళ్ళో ఎవరిదో పంది తగాదా. దాన్ని కూడా బిస్కెట్ల డబ్బాలో భద్రంగా పెట్టుకున్నాడు. ప్రభుత్వం తనతో మూడుసార్లు మాట్లాడిందని చెప్పుకోడానికి పనికొస్తుంది కదా. ఊళ్ళో స్తంభాలకి కట్టిన లౌడ్‌స్పీకర్లు పొద్దు పొడవకముందే మొదలవుతాయి, వాటి మీట ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అతనికి ఆ పేరు అలా వచ్చింది.

ఇంతకీ గొడవ పల్లకీది.

దేశాన్ని మొట్టమొదట ఏలిన హుంగ్ రాజుల కొండ చుట్టూ తొమ్మిది ఊళ్ళు. మూడో నెల పదో రోజున, ఏడాదికొక ఊరు చొప్పున, తాతముత్తాతలకి నైవేద్యం పల్లకీలో పెట్టి పై గుడి దాకా మోసుకెళ్తుంది. జిగురుబియ్యాన్ని ఆకుల్లో చుట్టి ఉడికించిన చదరపు అంటన్నం, దంచి చేసిన గుండ్రటి తెల్ల ముద్దలు. గో థీ ఊరికి తనదంటూ ఒక కట్టడి ఉంది. పల్లకీ మోసే పదహారుమంది నోళ్ళలో కొండ దిగువన ఊరిపెద్ద తన చేత్తో నాలుగు మడతల తమలపాకు పెడతాడు. పెద్దల ముందుకి వెళ్ళే అన్నం మీద మనిషి మాట పడకూడదు. పైకెళ్ళాక ఒక్కొక్కరూ ఆ ఆకుని పళ్ళెంలో పెట్టాలి. పదహారు ఉంటే నైవేద్యం పీఠమెక్కుతుంది. ఒక్కటి తగ్గినా పల్లకీ ఎలా వెళ్ళిందో అలాగే దిగి రావాలి. మళ్ళీ వంతు తొమ్మిదేళ్ళకి.

ఊరిపెద్ద దాక్‌కి ఎనభై ఆరు. పోయిన వంతు వచ్చినప్పుడు ఆయన భార్య పోయి మైలలో ఉన్నాడు, కొండెక్కలేదు. ఊరిపెద్ద హోదాలో రాజుల ముందు ఆ నైవేద్యం పెట్టడానికి ఆయనకి మిగిలింది ఈ ఒక్కసారే. తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చేది వేరే ఊరిపెద్దకి. ఇది ఆయన నోటితో అనడు, ఊళ్ళో మాత్రం అందరికీ తెలుసు.

ఆ దాక్ మీద థువాన్ రాసినవి పదిహేడు అర్జీలు. పదిహేడోది పల్లకీ గురించే. జనమంతా ఒకే తల్లి కన్న నూరు గుడ్లలోంచి పుట్టారన్న పాత కథని పట్టుకుని రాశాడు. "నూరు గుడ్లూ ఒకే సంచిలోంచి వచ్చినప్పుడు, దాక్ గారి చుట్టాల గుడ్లకే భుజాలు మొలిచాయా? ఇంటికొక చీటీ వేసి తీయాలి" అని. ఏం పుట్టిందో ఏమో, పైవాళ్ళు సరే అన్నారు. ఇరవై ఏళ్ళలో అర్జీతో వచ్చిన మొదటి గెలుపు. థువాన్ రెండు రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాడు.

మూడో రోజు చీటీలు తీశారు. కుర్రవాళ్ళంతా ఫ్యాక్టరీలకి వలసపోవడంతో అరవై అయిదేళ్ళ వాళ్ళ దాకా పేర్లు వేశారు. పద్నాలుగో వెదురు చీటీ తీసి దాక్ చదువుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివాడు.

"ఎవరు పెద్దయ్యా?" అన్నారు వెనకనుంచి.

"లౌడ్‌స్పీకరు" అన్నాడు దాక్.

మండపంలో నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. థువాన్ లేచి నిలబడ్డాడు.

"ఎందుకా నవ్వులు? చీటీ పద్ధతి ప్రకారం వచ్చింది. నేను మోస్తాను."

"మోస్తావురా అబ్బాయ్, మొయ్యవని ఎవడన్నాడు?" అన్నాడు దాక్. "నీ భుజం గురించి నాకు బెంగలేదు. భుజానికి పైన జానెడు దూరంలో ఉన్నదాని గురించే."

ఇంటికెళ్ళాక భార్య లువా సాధన మొదలెట్టించింది. ఆవిడ రోజంతా ఆకువక్క నమిలే మనిషి, తమలపాకులకి లోటు లేదు. నోట్లో ఆకు పెట్టి అతన్ని వాకిట్లో బల్ల మీద కూర్చోబెట్టింది. మొదటి రోజు ఆరు నిమిషాలు ఉన్నాడు. వీధిలో ఎవడో కాలువలోకి చెత్త పారేశాడు. రెండో రోజు పదకొండు నిమిషాలు. లౌడ్‌స్పీకర్లో ఎరువుల లెక్క తప్పు చదివారు. మూడో రోజు ఎవరూ ఏమీ చెయ్యలేదు. అయినా పావుగంటకి ఆకు ఊసి, "ఇవాళ ఎవరూ ఏమీ చెయ్యట్లేదేంటే?" అన్నాడు.

"నీ పేరుకి అర్థం నెమ్మదస్తుడని" అంది లువా. "మీ అమ్మానాన్నల మీద ఎవరూ అర్జీ పెట్టలేదు, అదృష్టవంతులు."

మూడో నెల పదో రోజు వచ్చింది. కొండ దిగువన దాక్ నీలం అంగీ తొడుక్కుని, నల్ల తలపాగా చుట్టుకుని పదహారుమందికీ ఆకులు పెట్టాడు. థువాన్ దగ్గరికొచ్చేసరికి ఆకు మడతలు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. వయసు వల్లేమో. థువాన్ అలాగే అనుకోదలిచాడు.

"నోరు తెరు" అన్నాడు దాక్. ఆకు నాలుక మీద పెట్టాడు. "మూసెయ్. నీకు ఈ మాట చెప్పే అవకాశం కోసం ఇరవై ఏళ్ళు ఎదురుచూశాను."

మిగతా పదిహేనుమందీ ముసిముసిగా నవ్వుకున్నారు, పెదాలు విప్పకుండా. పల్లకీ లేచింది.

మొదటి రెండు వందల మెట్లు థువాన్‌కి తన మీద తనకే గౌరవం పుట్టుకొచ్చింది. మోకాలు కలుక్కుమంటోంది, భుజం మీద కర్ర చర్మాన్ని వలుస్తోంది, డప్పులు, బాకాలు, అగరుబత్తుల పొగ, ఇరువైపులా చేతులు జోడించే జనం. అరే, నేను మౌనంగా ఉన్నాను, అనుకున్నాడు. చూస్తున్నారా అందరూ? మౌనంగా ఎలా ఉంటానో చూడండి. ఆ మౌనాన్ని గురించి ఎవరికైనా చెబితే బాగుండునని వెంటనే అనిపించింది.

నడిమి గుడికి ఇంకా నలభై మెట్లున్నాయనగా ఈల మోగింది. భద్రతవాళ్ళు తాడు అడ్డం పట్టారు. పట్నం నుంచి ఏదో కంపెనీ వాళ్ళు బల్లంత చదరపు అంటన్నం ఒకటి చక్రాల బండి మీద తెచ్చి, పక్కదారిన ఎక్కించి, మెట్ల మీదికి ఎత్తుతున్నారు. ముందు బ్యానరు, వెనక ఫోటోలు తీసేవాళ్ళు, మధ్యలో కోట్లు వేసుకున్నవాళ్ళు. అది పోయేదాకా గో థీ పల్లకీ ఆగాలట. ఆగడమంటే భుజం మీదే. దారిలో పల్లకీ నేల తాకకూడదు.

తాడు పట్టుకున్నవాడు లాన్. కొండ భద్రతలో పనిచేసే మనిషి, ఊరు మాత్రం గో థీయే. మోటారు సైకిళ్ళని గేటు లోపలికి వదులుతున్నాడని థువాన్ అతని మీద నాలుగు అర్జీలు పెట్టి ఉన్నాడు. కుడివైపు ముందు కర్ర కింద థువాన్‌ని చూసి లాన్ ముఖం పండగలా వెలిగిపోయింది.

"ఏం థువాన్ మావా, ఇవాళ ఒంట్లో బాలేదా? మాటే లేదేంటి?"

థువాన్ కళ్ళు పెద్దవి చేశాడు.

"ఇదిగో చూడు, వంతు మీది, ముందు పోయేది వాళ్ళు. అన్యాయం కాదూ? నువ్వు చెప్పు మావా, నువ్వు చెబితే తాడు వదిలేస్తాను." చెవి దగ్గరపెట్టి విన్నట్టు నటించాడు. "వినపడట్లా. అర్జీ రాసి పంపిస్తావా? సరే, అందినదని జవాబిస్తాలే."

పక్కన జనం నవ్వారు. ఆ పెద్ద అంటన్నం మెట్టు మెట్టుకీ ఆగుతూ, మెట్టు మెట్టుకీ ఫోటో దిగుతూ వెళ్తోంది. పావుగంట. ఇరవై నిమిషాలు. థువాన్ కడుపులో రెండు వందల పద్నాలుగో అర్జీ తయారైపోయింది, మూడు పేరాలు, కింద సంతకంతో సహా. గొంతు దాకా వచ్చింది. దవడలు బిగించాడు. బిగించి, వదిలి, మళ్ళీ బిగించాడు. తను చేస్తున్నది ఓర్చుకోవడమనే అనుకున్నాడు.

లాన్ తాడు వదిలి సెల్యూట్ కొట్టాడు. "వెళ్ళండి మావా. మూగనోము ఫలించుగాక."

నాలుగు మెట్లెక్కాక నాలుకతో ఆకుని సర్దుకోబోయాడు. ఆకు లేదు.

చిగుళ్ళ దగ్గర వెతికాడు. బుగ్గల్లో వెతికాడు. పళ్ళ సందున ఒక ఈనె దొరికింది. ఘాటు గొంతులోంచి కిందికి దిగుతోంది. ఊరు ఊరంతా మాట జారుతుందని భయపడింది, థువాన్ కూడా దానికే కాపలా కాశాడు. నమిలి మింగేస్తాడని మాత్రం ఒక్కడికీ తోచలేదు. లంచాలు తినేవాళ్ళ మీద ఇరవై ఏళ్ళుగా విరుచుకుపడ్డ మనిషి, దేవుడి పని మీద వెళ్తూ ఊరి ఆకు తినేశాడు.

మిగిలిన మెట్లన్నీ అతను నిజంగానే మౌనంగా ఎక్కాడు. అంత గట్టిగా నోరు మూసుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. నోరు తెరిస్తే ఆకు లేదని కనపడుతుంది మరి. పై గుడి దగ్గర జనం అతన్ని చూసి, "చూశావా, ఎంత నిష్ఠో" అనుకోవడం చెవిన పడింది. సిగ్గుతో ముఖం ఎర్రబడింది. దాన్ని కూడా భక్తి కింద జమ కట్టారు.

పల్లకీని పీటల మీద దింపారు. ఊరి ఆడవాళ్ళు తడి తువ్వాళ్ళతో బోయీల ముఖాలు తుడవడం ఆనవాయితీ. లువా వచ్చి అతని నుదురు తుడుస్తూ, కళ్ళలోకి చూసి, మెల్లిగా అంది:

"తినేశావు కదూ."

థువాన్ చూపు మెట్ల వైపు తిప్పుకున్నాడు.

"ముప్పై ఏడేళ్ళు కాపురం చేశాను, నీ గొంతులో గుటక నాకు తెలీదా? ఇదిగో." తువ్వాలు కింద అరచేతిలో మెత్తగా ఏదో దూరింది. నాలుగు మడతలు. "మాట్లాడకుండా నోట్లో పెట్టుకో. ముసలాయన్ని చూడు."

చూశాడు. గుడి గడప దగ్గర దాక్, రాగిపళ్ళెం రెండు చేతులతో పట్టుకుని, నిటారుగా, పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నాడు. ఎనభై ఆరేళ్ళ మనిషి అయిదొందల మెట్లు ఎవరి భుజమూ పట్టుకోకుండా ఎక్కాడు.

థువాన్ ఆకు నోట్లో పెట్టుకున్నాడు. వరసలో నడిచాడు. పళ్ళెంలో పెట్టాడు. దాక్ దాన్ని చూసి, అతన్ని చూసి, తల కొంచెం వంచాడు. ఇరవై ఏళ్ళలో ఆయన థువాన్‌కి తల వంచడం అదే మొదలు. పని అయిపోయింది. అర్జీలు లేవు, సాక్షులు లేరు. ఇంత తేలిగ్గా జరిగిపోతుందన్నమాట మోసం. తను అర్జీలు రాసిన వాళ్ళందరూ ఇంత హాయిగా నిద్రపోయారన్నమాట.

మూడడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"పెద్దయ్యా, ఆ ఆకు నాది కాదు."

దీన్ని నిజాయితీ అని తర్వాత కొందరన్నారు. థువాన్ ఎప్పుడూ ఒప్పుకోలేదు. రెండు గంటలు మూసి పెట్టిన నోరు, తెరిచీ తెరవగానే ఎవరి మీదో ఒకరి మీద ఫిర్యాదు చెయ్యాలి, దగ్గరలో దొరికినవాడు తనే.

"ఏంటి?" అన్నాడు దాక్.

"నాది తినేశాను. నడిమి గుడి కింద. ఇది... దొరికింది." భార్య పేరు చెప్పేంత నిజాయితీ మాత్రం లేదు. ఇంటికెళ్ళాలి కదా.

లువా నుదురు కొట్టుకున్న చప్పుడు అందరికీ వినపడింది. ఆ తర్వాత ఊరు విరుచుకుపడింది.

"చెప్పానా? వీడు ఊరికి అరిష్టమని చెప్పానా?"

"చీటీలు కావాలన్నది ఎవడు? వీడేగా!"

"తిన్నవాడివి తిన్నట్టు ఊరుకోవచ్చుగా ముదనష్టపోడా!"

దాక్ పళ్ళెం కింద పెట్టాడు. పదహారో ఆకుని వేళ్ళతో తీసి పక్కన పెట్టాడు. పదిహేను. పల్లకీలో ఆకుపచ్చ మూటలు అలాగే ఉన్నాయి. పీఠానికీ వాటికీ మధ్య పది అడుగులు. ఆయన ముఖం పిండేసిన గుడ్డలా అయిపోయింది. కాసేపటికి అంగీ జేబులోంచి సాసరు, రెండు పాత ఇత్తడి నాణేలు తీశాడు. ఒక వైపు సున్నం పూసినవి.

"పదిహేనుతో సరిపెట్టుకుంటారేమో పెద్దలనే అడుగుదాం" అన్నాడు.

రెండు నాణేల్లో ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా పడితే పెద్దలు సరేనన్నట్టు. రెండూ నల్లనైతే కోపం. రెండూ తెల్లనైతే నవ్వుతున్నట్టు. దాక్ మోకాళ్ళ మీద కూర్చుని, పెదాలు కదిపి, నాణేలు విసిరాడు.

రెండూ తెల్లగా పడ్డాయి.

హుంగ్ రాజులు నవ్వారు. వాళ్ళని తప్పు పట్టడానికి లేదు. పరాయి మనిషై ఉంటే థువాన్ కూడా నవ్వేవాడు.

నవ్వు అంటే జవాబు కాదు. మామూలుగా అయితే మళ్ళీ వేస్తారు. కానీ గో థీలో మామూలుగా జరగనివ్వని మనిషి ఒకడున్నాడు. మూడేళ్ళ కిందట ఊరి మండపంలో దాక్ వరసగా ఆరుసార్లు నాణేలు వేసి తనకి కావలసిన జవాబు రప్పించుకున్నాడని అతను రచ్చ చేశాడు. పెద్దలని బలవంతంగా ఒప్పించడం చట్టవిరుద్ధమన్నాడు. ఆ పోరు పడలేక ఊరు తీర్మానం రాసి గోడకి అంటించింది: ఒక్కసారే వెయ్యాలి, సరే అని పడకపోతే కాదనే లెక్క. తీర్మానంలో ప్రతి అక్షరమూ థువాన్‌దే.

దాక్ చెయ్యి నాణేల మీదికి వెళ్ళి ఆగిపోయింది. తలెత్తి థువాన్ వైపు చూశాడు. ఊరంతా అటే చూసింది. ఆయన అడిగిన తీరులో ఎత్తిపొడుపు లేదు. అదే థువాన్‌కి కష్టమైపోయింది.

"థువాన్, ఏమైనా చెప్పాలా?"

చెప్పాలి. ఎందుకు చెప్పకూడదు? నిబంధన ఉంది. తను రాసిందే. తన తప్పు కోసం తన నిబంధననే తుంగలో తొక్కితే, రేపు లాన్ తాడు పట్టుకున్నప్పుడు ఏ ముఖంతో అడుగుతాడు? కోట్లు వేసుకున్నవాళ్ళని ఎలా అడుగుతాడు? ఇవన్నీ సరైన మాటలే. వరస తప్పకుండా వచ్చి నాలుక చివర నిలబడ్డాయి. ఎదురుగా నేల మీద మోకాళ్ళూని, లేవడానికి ఒకరి సాయం కావలసిన ముసలాయన కూర్చున్నాడు.

నోట్లో ఈసారి ఆకు లేదు. కట్టడి లేదు. మూసుకోమన్నవాడు కూడా లేడు.

"ఏం లేదు పెద్దయ్యా" అన్నాడు థువాన్.

దాక్ మళ్ళీ విసిరాడు. రెండూ తెల్లన. ఎవరో కిసుక్కుమన్నారు. మూడోసారి, రెండూ నల్లన. నాలుగోసారి మళ్ళీ తెల్లన, పెద్దలకి ఇంకా నవ్వు ఆగినట్టు లేదు. ప్రతి విసురుకీ థువాన్ లోపల ఒక పేరా పైకి లేచింది, ప్రతి పేరానీ వెనక్కి మింగాడు. ఆకు మింగడం దీని ముందు ఎంత సులువు. అయిదోసారి ఒక నాణెం ఆగిపోయింది. రెండోది సాసరు అంచున గిరగిరా తిరిగి, తిరిగి, నల్లగా పడింది.

ఒకటి తెలుపు. ఒకటి నలుపు.

డప్పులు మోగాయి. ఆడవాళ్ళు మూటలు ఎత్తుకొచ్చి దాక్ చేతికిచ్చారు. ఆయన ఒక్కొక్కటే తన చేత్తో పీఠం మీద పేర్చాడు, చదరపువి ఒక వైపు, గుండ్రటివి ఒక వైపు, మూలలు సరిచూసుకుంటూ. అన్నీ పెట్టాక నుదురు నేలకి ఆనించాడు. చాలాసేపు లేవలేదు. లేవలేకపోతున్నాడని ముందుగా గ్రహించింది థువానే. వెళ్ళి చంకల కింద చేతులేసి లేపాడు. చేతులకి తగిలింది ఎముకల గూడు.

దాక్ కళ్ళు తుడుచుకుని, అతని చెయ్యి వదలకుండా, గొంతు తగ్గించి అడిగాడు. "ఎన్నిసార్లు వేశాన్రా?"

"నేను లెక్కపెట్టలేదు పెద్దయ్యా."

ముసలాయన రెండో చేత్తో తలపాగా సర్దుకున్నాడు.

"అబద్ధమాడ్డం కూడా సరిగ్గా చేతకాదు నీకు" అన్నాడు. "నేర్చుకో. మెట్లు దిగుదాం పద, నువ్వు ఇటువైపు రా, నా ఎడమ మోకాలు మంచిది కాదు."

"నా కుడిది" అన్నాడు థువాన్.

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని దిగడం మొదలెట్టారు. దారిచ్చే జనంలో గో థీ వాళ్ళు ఒక్కరు కూడా థువాన్‌ని పలకరించలేదు. వెనక నుంచి లువా వక్క నములుతూ, తిట్టే తిట్లన్నీ ఇంటికి దాచిపెట్టుకుని వస్తోంది. థువాన్ ఏమీ మాట్లాడలేదు. అతని లోపల అయిదు అనే అంకె కూర్చుని, తనని ఎప్పుడు నమోదు చేస్తావని అడుగుతూనే ఉంది.